కాలువ కట్టేసే ముందు

కొత్తగరువు,
28 మార్చి 1976.

అమలకి,

మీ వదిన సంపూర్ణమ్మ రాసేది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మరియదాసన్నయ్యా, పిల్లలూ కులాసా అనుకుంటాను. అత్తయ్యకి ఆయాసం కాస్త నెమ్మదించింది. తపస్సు కాలం కదా, శుక్రవారాలు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని కూర్చుంటుంది. మీ అమ్మకి నచ్చజెప్పగలిగేవాళ్ళు బెజవాడలో ఎవరైనా ఉంటే పంపించు. మీ అన్నయ్య మినుములు నూర్చాడు. ఈసారి తాలు ఎక్కువ.

ఒక పని మీద రాస్తున్నాను, దాచడమెందుకు. పెళ్ళయి వెళ్ళాక ఈ ఊరి చెరువు సంగతి మర్చిపోయి ఉంటావు గనక గుర్తు చేస్తున్నాను. ఎండాకాలం కాలువ కట్టేసే ముందు చెరువు నింపుకుంటాం. మళ్ళీ కాలువ వదిలేదాకా ఊరంతా ఆ నీళ్ళే తాగాలి. సరిగ్గా అప్పుడే మీ గడ్డి అట్టల మిల్లు వాళ్ళు మురుగు గుంటలు కాలువలోకి తెరుస్తున్నారు. పారే నీళ్ళుండగానే ఖాళీ చేసుకోవాలని వాళ్ళ తొందర. నిరుడు చెరువు నీళ్ళు కాఫీ డికాషన్ రంగు తిరిగాయి. బడిలో సగం మంది పిల్లలు విరేచనాలతో మంచం పట్టారు. టీచరుగా నేను బెంచీలకి పాఠం చెప్పాను.

మరియదాసన్నయ్య అక్కడ షిఫ్టు ఇన్‌ఛార్జి. గుంటలు ఏ రోజు తెరుస్తారో ఆయనకి తెలియకుండా ఉండదు. ఆ రోజేదో కార్డు మీద రాసి పడేస్తే చాలు. పంచాయతీ వాళ్ళు చెరువులోకి నీళ్ళు పెట్టే తూము తాళం మీ అన్నయ్యకే అప్పజెప్పారు, ఆ రెండు రోజులూ మూసేసుకుంటాం. ఇది మీ మిల్లుకి నష్టం చేసే పని కాదు. కలెక్టరు గారికి అర్జీ వేరే పెట్టాం, అది వేరే సంగతి.

మీ క్వార్టర్సుకి బోరు వేయించారట, అదృష్టవంతులు. జవాబు రాస్తావని చూస్తుంటాను.

సంపూర్ణమ్మ


మిల్లు క్వార్టర్సు, బెజవాడ,
5 ఏప్రిల్ 1976.

వదినకి,

నీ ఉత్తరం అందింది. అమ్మ గురించి నాలుగు ముక్కలు రాసి, మిల్లు గురించి పేజీ నింపావు. మాకు జ్వరాలొచ్చినా పలకరించని దానివి, పనిబడేసరికి 'అన్నయ్య' గుర్తొచ్చాడు.

మీ అర్జీ కలెక్టరు గారి దగ్గర ఉందో లేదో గానీ, దాని నకలు మా మేనేజరు గారి బల్ల మీద ఉంది. మొదటి సంతకం మా అన్నయ్య అంతోనిది. "ఈ అంతోని మీ బావమరిదంటగా, మరియదాసూ?" అని అందరిముందూ అడిగారట. మా ఆయన ఇంటికొచ్చి అన్నం వదిలేశారు.

పోయిన ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళలో అన్నయ్య మా ఆయన్ని పట్టుకుని 'మిల్లు కుక్క' అన్నాడు. అంతమంది జనంలో. నువ్వు పక్కనే నిలబడి జపమాల తిప్పుకుంటున్నావు. అప్పుడు నోరు విప్పనిదానివి ఇప్పుడు కార్డు ముక్క అడుగుతున్నావు.

ఎమర్జెన్సీ రోజులు, వదినా. నలుగురు గుమిగూడితే పోలీసులొస్తున్నారు. ఈ అర్జీలూ సంతకాలూ నీకు కాలక్షేపం, మాకు కూడు. గుంటలు ఏ రోజు తెరుస్తారో నాకు తెలీదు. తెలిసినా కాగితం మీద పెట్టను.

అమ్మకి మందు సీసాలు పంపుతున్నాను. నీళ్ళు కాచి ఇవ్వు. ఆ మాత్రం నీ చేతిలో పనే కదా.

అమల


కొత్తగరువు,
25 ఏప్రిల్ 1976.

అమలకి,

నీ జవాబు చదివి మడిచి పెట్టేశాను. దానికి బదులు చెప్పే ఓపిక లేదు. జరిగింది మాత్రం రాస్తాను, నీ భర్తకి చదివి వినిపించు.

ఈస్టరు ముందు బుధవారం తూము ఎత్తాం. రెండు రోజుల్లో కాలువ కట్టేస్తారని మైకులో చెప్పిపోయారు. గురువారం తెల్లవారేసరికి తూములోంచి నల్లటి నీళ్ళు, పైన నురగ. ఉడికిన గడ్డీ సున్నమూ కలిసిన కంపు మా పంచదాకా కొట్టింది. తూము దించేలోపే చెరువు సగం పాడైంది. ఈస్టరు నాటికి చేపలన్నీ తెల్లగా పైకి తేలాయి. వాటిని తట్టలతో ఎత్తి పొలాల్లో పూడ్చారు. మన పక్కింటి దానమ్మ గేదె ఆ రేవులో నీళ్ళు తాగి పడిపోయింది. చూడితో ఉన్న గేదె.

కాలువ కట్టేశారు. ఇంకో చుక్క రాదు. ఎడ్ల బండి కట్టుకుని పై ఊరికి పోయి పీపాలతో తెచ్చుకుంటున్నాం, వాళ్ళు కసురుతున్నారు. నువ్వు సలహా ఇచ్చినట్టు కాస్తున్నాను, పటిక కూడా వేస్తున్నాను. కాస్తే కంపు ఇంకా ఎక్కువవుతుంది. అత్తయ్య పీపా నీళ్ళు పిల్లలకి ఉంచమని, తను చెరువు నీళ్ళే తాగుతోంది. నేను చూడకుండా ముంచుకుంటుంది.

ఒక్క మాట రాయమన్నాను. రాయలేదు. ఆ గుంటల తలుపు ఎవరి షిఫ్టులో ఎత్తారో నేను అడగను. నువ్వే అడుగు.

సంపూర్ణమ్మ


మిల్లు క్వార్టర్సు, బెజవాడ,
22 మే 1976.

సంపూర్ణమ్మ గారికి,

అమ్మ సమాధి మట్టి ఇంకా ఆరలేదు. ఏడో రోజు పూజ అయ్యి నేను బెజవాడ బస్సు దిగేసరికి, బస్టాండులో ఎవరో కరపత్రాలు పంచుతున్నారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. 'మిల్లు విషానికి బలైపోయిన శౌరమ్మ' అని పెద్దక్షరాల్లో మా అమ్మ పేరు. అడుగున అచ్చువేయించినవారిలో మీ పేరు. వేరుశెనక్కాయలు పొట్లం కట్టిన కాగితంలోనూ మా అమ్మ పేరు చూశాను నేను.

ఆవిడ నా తల్లి. ఆవిణ్ణి గోడకి అంటించే ముందు నన్నొక మాట అడగాలని మీకు అనిపించలేదు. శవం దగ్గర మీ ఊరి ఆడవాళ్ళు మా ఆయన్ని చూసి పక్కకి తప్పుకున్నారు. "అత్తని చంపిన అల్లుడు" అని రావమ్మ గొణగడం నేను విన్నాను. ఆయనా విన్నారు. మట్టి వేసి, నడిచి రోడ్డెక్కారు.

ఇప్పుడు మీరు వినండి. నేను కార్డు రాయనన్న మాట నిజం. కానీ ఆయన కబురు పంపారు. గడ్డి లారీ తోలే రత్తయ్య మీ ఊరి మీదుగా వస్తుంటే, కాలువ గట్టు మీద ఆగి, మా అన్నయ్యకి చెప్పిపోయాడు. బుధ, గురువారాలు తూము ఎత్తొద్దు, శనివారం ఉదయం ఎత్తుకోండి, అప్పటికి నల్లనీళ్ళు దాటిపోతాయి, కాలువలో మీ చెరువుకి సరిపడా నీళ్ళు ఇంకా ఉంటాయి అని. ఉద్యోగం పణంగా పెట్టి పంపిన కబురు.

మీ భర్తని అడగండి. అడిగాక, కరపత్రం మీద ఎవరి పేరు వెయ్యాలో మీరే చూసుకోండి.

అమలమ్మ


కొత్తగరువు,
30 మే 1976.

అమలకి,

అడిగాను.

మీ అన్నయ్య పాకలో ఎడ్లకి గడ్డి వేస్తున్నాడు. "రత్తయ్య వచ్చాడా?" అన్నాను. మోపు విప్పడం ముగించాడు.

"వచ్చాడు."

"ఏం చెప్పాడు?"

"మూడు రోజులు ఆగి శనివారం ఎత్తుకోమన్నాడు."

"మరి బుధవారమే ఎందుకెత్తారు?"

"శుక్రవారానికే కాలువ కట్టేస్తామని మైకులో చెప్పారుగా. శనివారం దాకా ఆగితే నీళ్ళుండవు. చెరువు ఎండబెట్టి మన నోరు మూయించడానికి మిల్లు వాళ్ళు ఆడించిన నాటకమనుకున్నా. గుణదలలో అంత మాటన్నాక మరియదాసు మన మంచి కోరతాడని ఎట్టా అనుకోనే?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎత్తనివ్వవని."

తల్లి మంచం పక్కన కూర్చుని విసిరినన్నాళ్ళూ ఆ మాట కడుపులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అన్నం అరుగు మీద పెడుతున్నాను. మాట్లాడటం లేదు.

నేను దాచలేదు చూశావా, ఉన్నదున్నట్టు రాశాను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఉత్తరం రాసింది నేను. గుంటలు తెరిచే రోజు అడిగింది నేను. నాకు కాకుండా, నీ భర్త మీద మండిపడుతున్న మనిషికి, లారీ దిగకుండా ఒక డ్రైవరు చేత చెప్పించారు. రత్తయ్య ఇంకో ఫర్లాంగు వచ్చి బడి ముందు ఆగి ఉంటే నేను నమ్మేదాన్ని. మీ ఆయన కబురు పంపానని మనసు తేలిక చేసుకున్నాడు. అది చేరిందో లేదో చూసుకోలేదు.

కరపత్రం సంగతి. అత్తయ్య పేరు వేసినందుకు నేను సిగ్గుపడటం లేదు. ఆవిడ పేరు లేకపోతే అది ఇంకో ఊరి ఇంకో గొడవ. పేరుంది గనకే బెజవాడలో చదివారు. నువ్వూ చదివావు.

సంపూర్ణమ్మ


మిల్లు క్వార్టర్సు, బెజవాడ,
10 జూన్ 1976.

సంపూర్ణమ్మ గారికి,

మీకు ఎందుకు చెప్పించలేదో అడిగారు. మీకు చెప్పిస్తే, మర్నాడు మీటింగులో లేచి, "మిల్లు మనిషే మాకు చెప్పాడు" అని అందరికీ వినిపించేవారు. కార్డు రాసి ఉంటే దాన్ని కూడా అచ్చు వేయించేవారు. కాదని మీరు ప్రమాణం చేసి చెప్పగలరా? అమ్మ పేరుకే ఆగని మీరు మా ఆయన పేరుకి ఆగుతారా? అందుకే అన్నయ్యకి చెప్పించారు. అన్నయ్యకి కోపమెక్కువైనా, మాట బయటపెట్టే అలవాటు లేదని. ఆ అలవాటే కొంప ముంచింది.

సబ్ కలెక్టరు గారు విచారణకి వస్తున్నారని మీకు కబురు అందే ఉంటుంది. మేనేజరు గారు స్వయంగా మా క్వార్టరుకి వచ్చారు, ఎప్పుడూ రాని మనిషి. "అమ్మా, మీ తల్లిగారికి ఆయాసం ఉండేదట కదా. ఆ సంగతి మీ నోటితో ఒక్కసారి చెప్పండి, చాలు. మరియదాసుని మేం చూసుకుంటాం" అన్నారు. కుర్చీ అంచున కూర్చుని, నేనిచ్చిన కాఫీ మొత్తం తాగారు.

చెప్తాను. అబద్ధం కాదుగా. ఆయాసం ఉండేది.

మీరు గెలవాలని నాకు లేదు. ఆ మాట మీకు తెలియాలనే రాస్తున్నాను.

అమలమ్మ


కొత్తగరువు,
19 జూన్ 1976.

అమలకి,

విచారణకి రా. మిల్లు జీపులోనే రా. కానీ వచ్చే ముందు ఇది చదువుకో.

అత్తయ్య పోయిన రోజు నువ్వు వచ్చేసరికి నేను ఆవిణ్ణి కడిగి, కొత్త చీర కట్టి, సాంబ్రాణి వేసి ఉంచాను. కూతురు అలా చూడకూడదని. నువ్వు చూసింది శుభ్రంగా నిద్రపోతున్న అమ్మని. నేను చూసింది అది కాదు. నెత్తురు పడిన పాత చీరలన్నీ చెరువులో ఉతకలేక గొయ్యి తీసి పూడ్చాను. నాలుక పిడచగట్టుకుపోయి నీళ్ళు అడిగేది. నీళ్ళు పట్టుకెళ్తే వాసన చూసి మొహం తిప్పుకునేది. మళ్ళీ అడిగేది. చివరి రోజుల్లో ఒక్కసారి కూడా ఆయాసపడలేదు, అంత శక్తి లేదు.

కాస్త కూడా నువ్వు చూడకుండా చేసింది నేనే. అందుకు ఇప్పుడు చెంపలేసుకుంటున్నాను. నీకు అలాగే చూపించవలసింది.

సంపూర్ణమ్మ


కొత్తగరువు,
6 జులై 1976.

అమలమ్మకి,

చూశాను. విచారణ జరిగిన బంగళా గేటు బయట పోలీసులు మమ్మల్ని తాడు కట్టి ఆపేశారు. వానలో నిలబడ్డాం. నువ్వు మిల్లు జీపులోంచి దిగావు, వాళ్ళ ప్యూను నీకు గొడుగు పట్టాడు. మా వైపు తల తిప్పలేదు. దానమ్మ "అమలా" అని పిలిచింది, వినిపించనట్టు మెట్లెక్కావు.

కాసేపటికి గుమాస్తా సోడాల కోసం బయటికొచ్చాడు. "లోపల ఏమంటోందయ్యా?" అని అడిగాను. "ముసలావిడకి చిన్నప్పట్నుంచీ ఆయాసమేనని చెప్పేసిందమ్మా కూతురు. ఇంకేముంది, కేసు తేలిపోయింది" అన్నాడు. నేను ఇక నిలబడలేదు. ఊరి బండి ఎక్కి వచ్చేశాను.

నిన్ను జడలేసి బడికి పంపింది నేను. ఈ ఇంట్లో నేను కోడలిగా అడుగుపెట్టినప్పుడు నువ్వు నా కొంగు వదిలేదానివి కాదు. ఆ పిల్ల వేరు. ఇక ఈ ఇంటికి ఆడపడుచు లేదు. మీ అమ్మ నలభయ్యో రోజుకి నువ్వు రాకపోవడమే మంచిదైంది. సంవత్సరీకానికి కూడా రావద్దు.

సంపూర్ణమ్మ


కృష్ణలంక, బెజవాడ,
2 ఆగస్టు 1976.

సంపూర్ణమ్మ గారికి,

ఆడపడుచు లేదని రాశారు గనక ఇది ఆడపడుచు ఉత్తరం కాదు. లోపల ఏం జరిగిందో తెలియకుండా నా మీద మాట పడనివ్వడం ఇష్టం లేక రాస్తున్నాను.

"మీ అమ్మగారికి ఆయాసం ఉండేదా?" అని సబ్ కలెక్టరు గారు అడిగారు. "ఉండేదండీ, నాకు ఊహ తెలిసినప్పట్నించీ ఉంది" అన్నాను. మేనేజరు గారు తలూపారు. మీ గుమాస్తా విన్నది అక్కడిదాకానే, సోడాలకి పంపించారు.

"ఇంకేమైనా చెప్పాలా?" అన్నారు సబ్ కలెక్టరు గారు, కాగితం మడవబోతూ. ఏమీ లేదండీ అనే అనబోయాను. మీ ఉత్తరంలో ఆ చీరల సంగతి ఉంది చూడండి, అది చదవకుండా ఉండాల్సింది నేను.

"ఆ ఆయాసంతోనే ఆవిడ పిల్లల్ని కని, ఊడ్పులకీ కోతలకీ పోయిందండీ" అన్నాను. "ఆఖరి రోజులు నేను చూడలేదు. చూసిన మనిషిని గేటు బయట ఆపేశారు, పిలిచి అడగండి. నాకు తెలిసింది ఒక్కటి. ఆ రెండు రోజులూ తూము ఎత్తొద్దని నా భర్తే ఊరికి కబురు పంపారు. నీళ్ళలో ఏమీ లేకపోతే ఆ కబురు ఎందుకు పంపుతారండీ?"

సబ్ కలెక్టరు గారు అక్కడే నిలబడ్డ మా ఆయన వైపు తిరిగారు. "నిజమేనా?"

ఆయన మేనేజరు వైపు చూశారు, నా వైపు చూశారు. ఆయనకి నేను ముందుగా చెప్పలేదు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అలా అంటానని నాకే తెలీదు. "నిజమేనండీ" అన్నారు ఆయన.

ఆ వెంటనే మిమ్మల్ని లోపలికి పిలిచారు. జవాను గేటు దగ్గర మీ పేరు కేకేశాడు. మీరు లేరు. నా మీద కోపంతో బండెక్కి వెళ్ళిపోయారు. చూసిన మనిషి చెప్పాల్సిన మాట దానమ్మ వచ్చి చెప్పింది, తడిసిన చీరతో, వణుకుతూ.

తిరుగు ప్రయాణానికి మాకు జీపు లేదు. బస్సులో ఆయన కిటికీ వైపు, నేను ఇటువైపు. వారం తిరక్కుండానే డిస్మిస్ కాగితం వచ్చింది. చాలా రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఆఖరికి మాట్లాడిన మాట, "క్వార్టరు ఖాళీ చెయ్యాలి, అటక మీద పెట్టెలు దించు" అని. ఇక్కడ ఒక గది, వరండాలో వంట.

ఇదంతా మీ కోసం చెయ్యలేదు. కరపత్రం మీద నుంచి మా అమ్మ పేరు తీసెయ్యండి. అది నేను అడుగుతున్నది.

అమలమ్మ


కొత్తగరువు,
14 ఆగస్టు 1976.

అమలకి,

పేరు తీసేశాను. మిగిలిన కట్టలన్నీ నా చేత్తోనే పొయ్యిలో పెట్టాను.

సోడాల గుమాస్తా మాట విని నిన్ను అంత మాట అన్నాను. తప్పు చేశానని రాస్తే నువ్వు నమ్మవు, నమ్మకపోతే నాకు మళ్ళీ కోపం వస్తుంది, అందుకని పొడిగించను. ఒకటి మాత్రం చెప్పాలి. గుంటలు శుభ్రం చేసేదాకా కాలువలోకి ఏమీ వదలకూడదని ఆర్డరు వచ్చింది. నీ మాట వల్లే వచ్చిందని ఊళ్ళో అంటున్నారు. ఇన్నేళ్ళు సంతకాలు పోగుచేసింది నేను. ఒప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది.

ఆర్డరుతో అయిపోలేదు. మిల్లు వాళ్ళు పై కోర్టుకి వెళ్ళారు. ఈలోగా, చూసేవాళ్ళు లేనప్పుడు, మన ఊరికి పైన కాలువలో కలిసే మురుగు గొట్టం తెరుస్తున్నారు. మగవాళ్ళు వెళ్తే పోలీసులు లారీ ఎక్కిస్తున్నారు. అందుకని ఆడవాళ్ళం వంతులు వేసుకుని గొట్టం ముందు గట్టు మీద కూర్చుంటున్నాం. మనం కూర్చుంటే తెరవరు, లేస్తే తెరుస్తారు. అంతే లెక్క.

మీ అన్నయ్య తూర్పు గదికి సున్నం వేశాడు. నేను చెప్పలేదు, తనే వేశాడు. మరియదాసన్నయ్యకి పని దొరికేదాకా మీరందరూ వచ్చి ఇక్కడ ఉండండి. చెరువు నీళ్ళు తోడించాం, కొత్త నీళ్ళు పెట్టాం.

నీ వదిన
సంపూర్ణమ్మ


కృష్ణలంక, బెజవాడ,
25 ఆగస్టు 1976.

వదినకి,

గది సంగతి చదివాను. రాము.

ఆయనకి ఒక రైసుమిల్లులో పని దొరికింది. అన్నయ్య గుణదలలో అన్న మాట ఆయన మర్చిపోలేదు. రావమ్మ అన్న మాట నేను మర్చిపోలేదు. ఈ ఇంటికి ఆడపడుచు లేదని నువ్వు రాసిన కాగితం పొయ్యిలో వేశాను గానీ, చదివింది కాలలేదు. మీ ఇంట్లో కూర్చుని నీ చేతి అన్నం తినమంటే నాకు గొంతు దిగదు. అన్నయ్యకి అరుగు మీద పెట్టడం మాత్రం మానెయ్యి. వాడు చేసిన దానికి వాడి ఏడుపు వాడు ఏడుస్తున్నాడు.

కాలువ గట్టు నీ ఇల్లు కాదు. శనివారం సంత రోజు గనక మీ ఊరి ఆడవాళ్ళకి కుదరడం లేదనీ, ఆ పూట గొట్టం దగ్గర ఎవరూ ఉండటం లేదనీ రత్తయ్య చెప్పాడు. శనివారం మొదటి బస్సుకి నేను వస్తాను. చీకటి పడేదాకా కూర్చుంటాను. ప్రతి శనివారం వస్తాను.

నాకు క్యారేజీ తేవద్దు, నేనే తెచ్చుకుంటాను. మీ ఊరి వాళ్ళెవరూ వచ్చి నన్ను పొగడనక్కర్లేదు. నువ్వు సంత నుంచి తిరిగొస్తూ ఆ దారినే వస్తావు, నాకు తెలుసు. వస్తే రా. నా పక్కన మాత్రం కూర్చోవద్దు. గొట్టానికి అవతలి వైపు కూర్చో.

అమల